గ్లాన్ డొంక దిగుడు

డ్రమాలిస్ ఊరి దుకాణంలో అల్టన్ ఆ మాట మామూలుగా అన్నాడు.

"రేపట్నుంచి వానలంట డింప్నా. అందుకే ఇవాళే దిగిపోయాం. పొద్దున్నుంచీ కిల్లీక్రీన్ లోయలో గడ్డి కోతే కోత."

అతని రెండు చేతుల నిండా సాసేజీలు కుక్కిన రొట్టెల పొట్లాలున్నాయి. కావన్ జిల్లాలోని ఆ మూలలో ఎవరి గడ్డి కోయాలన్నా, కోసింది పాతర వేయాలన్నా అల్టన్ మనుషులూ అతని ట్రాక్టర్లే రావాలి. పొట్లాలు తన మనుషుల కోసం.

డింప్నా నీళ్ల సీసాలకు డబ్బులిస్తోంది. ఆమె భర్త మాలకీ ప్రతి శనివారం ఊళ్లోని సైకిల్ క్లబ్బును కొండల్లో తిప్పుతాడు. వెనకాల వ్యానులో చక్రాలూ, టీ ఫ్లాస్కులూ, అలిసిపోయిన వాళ్లనూ మోసుకురావడం ఆమె పని.

"గడ్డి ఎటు తోలుతున్నారు?" అని అడిగింది.

"కొత్తగా అడుగుతావేంటి? నిండు బండ్లు గ్లాన్ డొంకలో పైకి. ఖాళీవి పాత పాలకేంద్రం మీదుగా వెనక్కి. మా నాన్న రోజుల నుంచీ అదే కదా."

గ్లాన్ డొంక వెడల్పు ఒక బండి పట్టేంత. రెండు పక్కలా మనిషెత్తు కంచె పొదలు. బండికి బండి ఎదురైతే ఒకటి కొండ కింది దాకా వెనక్కి పోవలసిందే. అందుకే గడ్డి తోలే రోజున ఆ డొంక పైకి మాత్రమే నడుస్తుంది. దానికి బోర్డు ఉండదు, ఎవరూ చెప్పరు. లోయలో కోత యంత్రం మోగితే చాలు, ఆ గుడి కింది ఊళ్లన్నిటికీ, విచారణ మొత్తానికీ తెలిసిపోతుంది. మాలకీకీ తెలుసు. అందుకే అతను క్లబ్బును ఎప్పుడూ ఆ డొంకలో ఎక్కిస్తాడే గాని దించడు.

"ఇవాళ మాలకీ దారి తిప్పేశాడు, అల్టన్" అంది డింప్నా. "పడమటి గాలి గట్టిగా ఉంది, వచ్చేటప్పుడు వీపు మీద కొడితే సుఖం అన్నాడు. వాళ్లు డొంక దిగుతున్నారు."

అల్టన్ నవ్వు సగంలో ఆగింది. "ఎవరెవరు?"

"అందరూ. ముందు మాలకీ, గ్రోన్యా. జంట సైకిల్ మీద."

గ్రోన్యా వాళ్ల కూతురు. డిగ్రీ చదివే రోజుల్లో చూపు పోయింది. అప్పట్నుంచీ తండ్రి ముందు సీటు మీద, ఆమె వెనక సీటు మీద. ఎక్కుడులో ఆమె కాళ్లే సైకిల్‌ను లాగుతాయని క్లబ్బంతా ఒప్పుకుంటుంది. దిగుడులో ఆ ఇద్దరి బరువుతో దూసుకుపోయేదాన్ని అందుకోగల సైకిల్ క్లబ్బులో లేదు.

"యంత్రం చప్పుడు వినపడదా?"

"గాలి వీపు మీద ఉంటే ముందరి చప్పుడు ఏం వినపడుతుంది? నీ వాళ్లకు ఫోన్ చెయ్యి."

"ఆ లోయలో సిగ్నల్ ఉంటే ఈ రొట్టెలు నేనెందుకు మొయ్యాలి?" అంటూనే అతను నంబరు నొక్కాడు. ఫోను మోగలేదు. మాలకీ ఫోను ఎలాగూ వ్యానులోనే ఉంది. జేబులో పెట్టుకుంటే నడుముకు గుచ్చుకుంటుందని ఎప్పుడూ ఆమెకే ఇచ్చి పోతాడు. మిగతావాళ్లకు చేసినా చెరువు దారిలో సిగ్నల్ అందదు.

"నేను పాలకేంద్రం దారిన కిందకు పోయి ట్రాక్టర్లను ఆపుతా" అన్నాడు అల్టన్. "నువ్వు గుడి దారిన పైకి పో. వాళ్లు చెరువు చుట్టూ తిరిగి రావాలి కదా, నువ్వే ముందు చేరతావు. పో!"

పొట్లాలు కౌంటరు మీదే వదిలేసి పరిగెత్తాడు.

డింప్నా వ్యానును గుడి దారి పట్టించింది. లెక్క సరిగ్గానే ఉంది. చెరువు చుట్టు దారి చాలా పొడుగు, గుడి దారి పొట్టి. రెండూ కారిగ్ కూడలి దగ్గర కలుస్తాయి, డొంక అక్కడే మొదలవుతుంది. కూడలి దగ్గర వ్యాను అడ్డం పెడితే చాలు. ఒక గుట్ట ఎక్కింది, దిగింది, మరో గుట్ట ఎక్కింది. మలుపు తిరిగింది.

ముందర శవయాత్ర.

మొన్న రాత్రి పోయిన ముసలి హ్యూయీని గుడికి తీసుకుపోతున్నారు. ముందు నల్లటి శవవాహనం, దాని వెనక నడుస్తూ ఊరు ఊరంతా. దారి ఈ కంచె నుంచి ఆ కంచె దాకా మనుషులతో నిండిపోయింది. డింప్నా కాలు తనంత తానే బ్రేకు మీద పడింది. చెయ్యి ఇంజన్ ఆపేసింది.

శవాన్ని ఎవరూ దాటిపోరు. హారన్ కొట్టరు. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ అలా చేసినవాణ్ణి ఒక్కణ్ణి చూసింది. అతను డబ్లిన్ వాడు. ఇప్పటికీ ఊళ్లో అతని సంగతి చెప్పుకుంటారు.

ఆమె దిగి గబగబా ముందుకు నడిచింది. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు, ఆమె కూడా సాగనంపడానికే వచ్చిందనుకుని. ఫిలోమినా ఆమె మణికట్టు పట్టేసుకుంది.

"వచ్చావా తల్లీ! నిన్ను ఎన్నిసార్లు తలుచుకున్నాడో హ్యూయీ. సమాధి అయ్యాక టీకి ఉండాలి నువ్వు. హ్యామ్ చేశాం."

"ఫిలోమినా, నేను అవతలికి పోవాలి. మాలకీ..."

"ష్! ఆపుతున్నారు చూడు."

శవవాహనం హ్యూయీ ఇంటి గేటు ముందు ఆగింది. చనిపోయినవాడు చివరిసారి తన ఇంటిని చూసుకోవాలి కదా. ఎవరో జపమాల ఎత్తుకున్నారు. నలభై యాభై గొంతులు ఒక్కటిగా అందుకున్నాయి. మరియమ్మా వందనము, మరియమ్మా వందనము.

"ఈ పది వందనాలూ కానివ్వు" ఫిలోమినా చెవిలో గొణిగింది. "మధ్యలో కదలకూడదు."

డింప్నా నిలబడిపోయింది. పెదవులు కూడా జపం అందుకున్నాయి. మూడోది, నాలుగోది. కళ్ల ముందు చెరువు దారి ఒక్కో మలుపే కరిగిపోతోంది. ఇప్పుడు పడవల రేవు దాటి ఉంటారు. ఇప్పుడు ఎక్కుడు మొదలెట్టి ఉంటారు. గ్రోన్యా కాళ్లు. ఈ ఒక్కరోజు ఆ కాళ్లు కాస్త అలిసిపోతే బాగుండును. ఆరోది. అరిస్తే జపం తెగుతుంది. ఎనిమిదోది. చెయ్యి విదిలించుకుంది.

శవవాహనం పక్కన, టోపీ చేత్తో పట్టుకుని లియో నిలబడి ఉన్నాడు. ఆ విచారణలో అంత్యక్రియలన్నీ అతనే జరిపిస్తాడు. ఆమె నాన్ననూ అతనే సాగనంపాడు.

"లియో, నన్ను పోనివ్వు. మాలకీ, గ్రోన్యా డొంకలో దిగుతున్నారు. అల్టన్ గడ్డి తోలుతున్నాడు."

లియో ముఖంలో రంగు పోయింది. "పిచ్చితల్లీ! ఎప్పట్నుంచి నిలబడ్డావు వెనకాల? అరవకూడదా?"

"జపం..."

"జపం కాసేపాగుతుంది!" అతను డ్రైవరు కిటికీ మీద గట్టిగా కొట్టాడు. "బండిని గేటులోపలికి తోలు. హ్యూయీ ఇంకోసారి ఇంట్లోకి పోతాడు, ఏమీ అనుకోడు. అందరూ కంచెకు ఆనుకోండి! కదలండి!"

జపం తెగిపోయింది. శవవాహనం హ్యూయీ వాకిట్లోకి దూరింది. మనుషులు ముళ్లపొదల్లోకి ఒత్తుకున్నారు. వాళ్ల నల్లకోట్లను రాసుకుంటూ వ్యాను దూసుకుపోయింది.

కారిగ్ కూడలిలో సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. క్లబ్బు వాళ్లు అరటిపళ్లు తింటున్నారు. ఆమె ప్రాణం లేచొచ్చింది. కళ్లు జంట సైకిల్ కోసం వెతికాయి.

"రండి రండి, టీ వచ్చింది!" ఫెర్గల్ నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఎక్కడ తిరుగుతున్నావమ్మా? మీ ఆయన నిన్ను కిందే కలుస్తానన్నాడు."

"ఎక్కడున్నారు?"

"ఇప్పుడే పోయారు. ముసలోళ్లు మీరు పళ్లు తినండి, మేం పోయి కునుకు తీస్తాం అంది మీ అమ్మాయి. దాని నోరు..."

అతని మాట పూర్తి కాకముందే వ్యాను డొంకలోకి తిరిగింది.

గట్టు అంచు మీద కిందంతా ఒక్కసారి కనిపించింది. పచ్చటి గుట్టలు. కోసిన పొలం లేత పసుపు రంగులో. డొంక మాత్రం కనపడదు, దాని పొదలే పాములా వంకర తిరిగి కిందకు పోతుంటాయి. ఆ పొదల పైన రెండు హెల్మెట్లు, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు, నీళ్ల మీద కొట్టుకుపోతున్నట్టు జారిపోతున్నాయి. వాటికి చాలా కింద, పెద్ద మలుపుకు అవతల, ఒక ట్రాక్టరు కప్పు పైకి వస్తోంది. వెనక గడ్డి నిండిన తొట్టి కొండలా ఉంది.

ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి మలుపు దాటి ఏముందో కనపడదు. మాలకీకీ కనపడదు. ఇద్దరూ కనపడుతున్నది ఆమె ఒక్కదానికే.

డింప్నా హారన్ మీద అరచెయ్యి వేసి నొక్కింది. తీయలేదు. గాలి ఆమె వీపు మీది నుంచే వీస్తోంది. ఆ శబ్దాన్ని తిన్నగా వాళ్ల దగ్గరికి మోసుకుపోయింది.

పొదల పైన ఒక చెయ్యి లేచింది. మాలకీది. వెంటనే రెండో చెయ్యి, గ్రోన్యాది. రెండూ ఊగాయి.

ఆ కొండల్లో హారన్ కొడితే పలకరింపే. చెయ్యి ఎత్తకపోతే పొగరనుకుంటారు.

"కాదు! కాదు!" ఆమె అరిచింది. కిటికీ అద్దం మూసే ఉంది.

మాలకీ చెయ్యి బ్రేకు మీదకు తిరిగి వెళ్లిందో లేదో ఆమెకు తెలియలేదు. ఎర్ర హెల్మెట్, తెల్ల హెల్మెట్ మలుపులోకి పోయాయి. ట్రాక్టరు కప్పు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. అవతలి పక్క నుంచి ఏ హెల్మెట్టూ బయటికి రాలేదు.

ఆమె వ్యానులో కిందకు చేరేసరికి ట్రాక్టరు నడిపేవాడు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "చెయ్యి ఊపుతూ వచ్చాడమ్మా" అంటున్నాడు. "నన్ను చూసి చెయ్యి ఊపుతున్నాడనుకున్నా." సైకిల్ రెండు ముక్కలై ఉంది. గ్రోన్యా ముళ్లపొదలోంచి తనే లేచి, ముఖమంతా గీతలతో, చేతులు ముందుకు చాచి దారి మధ్యలో నిలబడి ఉంది.

"నాన్నా! మాట్లాడు. ఎక్కడున్నావ్? నాన్నా!"

డింప్నా ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మాలకీ పక్కన కూర్చోబెట్టింది. అతను తొట్టి చక్రం పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది.

ఫెర్గల్ సైకిల్ వెనక్కి తిప్పుకుని సిగ్నల్ అందే గుడి దగ్గరికి పోయాడు. శవయాత్రలోంచి ఒక నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది, వెనకే లియో, ఇంకా కొందరు. ఖాళీ ట్రాక్టరు వెనక ఇరుక్కుని ఆలస్యమైన అల్టన్ కింది నుంచి వచ్చి, ఆగి, కోటు విప్పి మాలకీ మీద కప్పాడు. హెలికాప్టరు బయలుదేరిందన్నారు. కోసిన పొలంలో దిగమని చెప్పారట. నర్సు మాలకీ మణికట్టు పట్టుకుని కూర్చుంది. చెయ్యడానికి ఇంకేం లేదు.

"అమ్మా" గ్రోన్యా మెల్లగా అంది. "నువ్వేనని హారన్ వినగానే నాన్న గుర్తుపట్టాడు. మీ అమ్మ వచ్చేసింది, చెయ్యి ఊపు అన్నాడు."

"చూశాను తల్లీ."

"ఇద్దరం ఊపాం."

"చూశాను."

నర్సు తలెత్తి లియో వైపు చూసింది. లియో రాలిన గడ్డి మీద మోకాళ్లూని, మాలకీ చెవి దగ్గరికి వంగి, గుసగుసగా మొదలుపెట్టాడు. ప్రాణం పోయేవాడి చెవిలో పాపక్షమాపణ జపం ఎవరో ఒకరు చెప్పాలి. గుడి గురువు దొరక్కపోతే పక్కనున్నవాడు.

గ్రోన్యా తల చటుక్కున అటు తిరిగింది. తాతయ్య పడక పక్కన ఆ గుసగుస ఆమె విన్నదే.

"లియో, ఆపు. అది చెప్పొద్దు." ఆమె చేతులు గాలిలో అతని కోసం వెతికాయి. "ఊపిరి వినపడుతోంది నాకు. నాన్న ఊపిరి తీస్తున్నాడు. అది ఇప్పుడు చెప్పొద్దు. అమ్మా, చెప్పవే అతనికి!"

లియో ఆగి డింప్నా వైపు చూశాడు.

పొలం వైపు ఆకాశంలో ఇంకా ఏ చప్పుడూ లేదు. డింప్నా కూతుర్ని గట్టిగా గుండెకు హత్తుకుంది. ఆమె తల మీదుగా లియోకు, కానివ్వు అన్నట్టు, తల ఊపింది.

గుసగుస మళ్లీ మొదలైంది.