అరిష్టం అని రాసిన సీసా

నేను ఒక గోధుమరంగు గాజుసీసాను. పాత్రనే గాని పదార్థాన్ని కాను. ఈ మాట మొదటే విన్నవించుకోవడం క్షేమం. లోపల నింపినదాన్ని బట్టి నా శీలాన్ని నిర్ణయించడం మానవులకు అలవాటు. గంగాజలం పోస్తే పూజగదిలో పీట వేస్తారు. మరొకటి పోస్తే బీరువాలో పాతబట్టల కింద దాస్తారు. అందుకే నన్నెవరైనా ఎత్తితే, ముందు ఆ చేతిని అనుమానిస్తాను. ఆమాటకొస్తే నన్ను నేనూ పూర్తిగా నమ్మను. కొలిమిలో నాతోపాటు కరిగిన గాజుపెంకుల్లో దగ్గుమందు సీసాలవీ ఉన్నాయి, సారాసీసాలవీ ఉన్నాయి. నాలో ఎవరి పాలెంతో చెప్పగలవారెవరు?

బెంగళూరు పొలిమేరలోని ఒక బీరుబట్టీకి నన్ను చేర్చారు. అక్కడ నన్ను నింపిన చేతులు వకుళవి. సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకున్న ముప్పైయేళ్ళ మనిషి. ఆమె కాచింది అందరూ తాగే పలుచని బీరు కాదు. బెల్జియం దేశపు మఠాలలో సన్న్యాసులు కాచే తరహాది. మాడ్చిన బార్లీ, పాకం ముదిరి నల్లబడిన బెల్లం, ధనియాలు, నారింజ తొక్క, అనాసపువ్వు పడిన చిక్కని నల్లని ద్రవం; ఘాటు కూడా సామాన్యమైనది కాదు. సర్వసంగపరిత్యాగులకు మద్యం కాచే పనేమిటని నాకు అనుమానం కలిగింది. కాని పాలకడలిలో పుట్టిన మద్యదేవత వారుణిని పరిగ్రహించినవారు దేవతలేనని రామాయణంలో ఉన్నది గనుక, నోరు మూసుకున్నాను. నిజానికి నా నోటిని మూసింది వకుళే. బిరడా బిగించి, పైన మైనం కరిగించి పోసి, కాగితం అంటించి, దానిమీద గుండ్రని తెలుగు అక్షరాలతో "అరిష్టం" అని రాసింది. మామూలు బీరు ఆరునెలల్లో చప్పబడుతుంది. ఇది చీకటిలో ఏళ్ళ తరబడి పడి ఉంటేనే పండుతుంది. అంతకాలం ఇతరుల చెయ్యి పడకుండా, ఇది తనదని గుర్తు పెట్టుకున్నది.

ఆ మాటకు రెండు ముఖాలు. వీధిలో అరిష్టమంటే కీడు. వైద్యుల ఇంట అరిష్టమంటే మూలికల కషాయాన్ని పులియబెట్టి నిలవచేసిన మందు, కాలానికి చెడనిది. వకుళ ఏ ముఖాన్ని చూసి రాసిందో నాతో చెప్పలేదు.

ఆమె తండ్రి నల్లూరి శ్రీరంగాచార్యులవారు పెద్దాపురంలో పేరున్న ఆయుర్వేద వైద్యులు. అరిష్టాలు కాచడంలో ఆయన హస్తవాసి గొప్పదని చుట్టుపక్కల ప్రతీతి. కూతురు ఏదో మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నదని ఆయన నమ్మకం. నాలుగేళ్ళుగా ఆ నమ్మకాన్ని ఆమె సరిదిద్దలేదు. నేను మూడేళ్ళు పండిన తరువాత, ఇక నిజం చెప్పి తీరాలనుకుని నన్ను చేతిసంచిలో పెట్టుకుని పెద్దాపురం వచ్చింది. విన్నాక ఆయన "ఈ గడప మళ్ళీ తొక్కవద్దు" అంటారేమోనన్నది ఒక్కటే ఆమె భయం. ఆ భయంతో రెండురోజులు వాయిదా వేసింది.

మూడోరోజు ఉదయం ఆచార్యులవారి అక్కగారు ఆండాళమ్మ, ఉతకవలసిన బట్టల కోసం ఆ సంచి విప్పింది. నన్ను చూసింది. వాసన చూడబోతే మైనం అడ్డం వచ్చింది. వెలుతురుకు ఎత్తి చూసింది. కాగితం చదివి, "పిచ్చిపిల్ల, మందుసీసా బట్టల్లో కుక్కిందేవిటీ!" అని నిట్టూర్చి, తీసుకుపోయి తమ్ముడి అలమరలో దశమూలారిష్టం సీసాల వరుసలో నిలబెట్టింది.

ఆ వరుసను చూసి నిర్ఘాంతపోయాను. అందరూ నా కులస్థులే! అదే గోధుమరంగు, అదే మెడ. ఆచార్యులవారు ఏటా పాతసీసాల వ్యాపారి వద్ద తీసుకుని, మరిగే నీటిలో కడిగించి, మందు నింపి, మైనంతో మూసే సీసాలవి. అవి పూర్వాశ్రమంలో ఏమి మోశాయో ఆ ఇంట ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం ఎవరో ఒకరు తప్పక అడుగుతారని నాకు అనుమానంగానే ఉన్నది.

మధ్యాహ్నం సుభద్రమ్మగారు వచ్చారు. హిందీ పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నావిడ. ఆకలి మందగించిందని గ్లాసు తెచ్చుకుని మందుకు వచ్చారు. ఆచార్యులవారు చెయ్యి చాచగా నేనే చిక్కాను. మైనం గీకి బిరడా తీశారు. మూడేళ్ళ ఊపిరి ఒక్కసారిగా వదిలాను. నురగ ఆయన ముంజేతి మీదికి పొంగింది.

"ఏంటండీ ఆచారిగారూ, మందు బుసకొడతందేంటండీ?" అని సుభద్రమ్మగారు గ్లాసు వెనక్కి లాక్కున్నారు. "ఇది నాకు పోస్తారా, పాములోడికి కబురెడతారా?"

ఆయన ముఖం వాడిపోయింది. సరిగా పండిన అరిష్టం పొంగదు. పొంగితే కాచినవాడి పనితనంలో లోపమున్నట్టే. "ఉండండమ్మా" అని, కుడిచేతిని ఆచమనానికి పట్టినట్టు పట్టి, నాలుగు చుక్కలు వంచుకున్నారు. రోగి నాలుకకు చేరేది ముందు వైద్యుడి నాలుకకు తగలాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. కళ్ళు మూసుకుని, కేశవనామాలు పలికినంత క్రమంగా ఆరు రుచులనూ ఒక్కొక్కటిగా వెతికారు.

"మధురం ఉంది. పచ్చిబెల్లం కాదు, మాడిన బెల్లం. ధనియాలు. అనాసపువ్వు. చివర తిక్తం, చేదు కొంచెం ఎక్కువే. ఎండుఖర్జూరం..." ఆగారు. "కాదు. ఖర్జూరం ఎవరూ వెయ్యలేదు, కాలం వేసింది." కళ్ళు తెరిచారు. "అక్కయ్యా! ఇది మన బట్టీలోది కాదే. ఎవరో చెయ్యి తిరిగినవాళ్ళు కాచింది."

"ఎవరో ఏవిట్రా, నీ కూతురి సంచిలోదే! రాత చూసుకో, రాత!" అంది ఆండాళమ్మ వంటింట్లోనుంచి.

ఆ కేకకు వకుళ వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రి చేతిలో నన్ను చూసి రంగు మారింది. ఆయన ముఖంలో మాత్రం, ఆమె చిన్ననాడు తప్ప ఎన్నడూ చూడని మురిపెం.

"నువ్వే కాచావా, అమ్మణ్ణీ?"

"నేనే, నాన్నగారూ."

"ఈ ఔషధయోగం నేను ఏ గ్రంథంలోనూ చూళ్ళేదు. ఏ రోగానికమ్మా ఇది?"

"ఆకలికి" అని ఒక్క మాట అంటే చాలు. సుభద్రమ్మగారి గ్లాసు సిద్ధంగా ఉన్నది, మెచ్చుకోలు సిద్ధంగా ఉన్నది. అంటుందనే అనుకున్నాను. మానవుల మీద నా అంచనా అట్టిది.

"ఏ రోగానికీ కాదు, నాన్నగారూ. బాగున్నవాళ్ళే సరదాకి తాగుతారు. బీరు. నేను పనిచేసేది అక్కడే. మందుల కంపెనీలో కాదు."



"నేను వాసన మాత్రమే చూశానండి" అన్నారు సుభద్రమ్మగారు, గ్లాసు సంచిలో వేసుకుని లేస్తూ. "అడిగితే అదే చెప్పండి."

ఆచార్యులవారు నన్ను బల్లమీద పెట్టి తిన్నగా స్నానానికి నూతి దగ్గరకు వెళ్ళారు. చేదబావి గిలక చాలాసేపు మోగింది. ఆండాళమ్మ నన్ను కొంగుతో పట్టుకుని, మిగిలినదంతా అరటిపాదులో గుమ్మరించి, వీధి అరుగుమీద పాతసీసాల గోనెసంచిలో పడేసింది. "మొక్క చచ్చిందో, నీ పని చెబుతా" అని మేనకోడలిని తిట్టింది. ఆ రోజు ఆయన భోజనం చెయ్యలేదు. వకుళ బట్టలు సర్దుకున్నది.

పొద్దు వాలే వేళకు ఆమె ఆ అరుగుమీద సంచి పక్కన పెట్టుకుని, ఆటో కోసం చూస్తూ కూర్చున్నది. ఆచార్యులవారు కొత్తగా తీర్చిన నామంతో వచ్చి, అరుగు రెండో కొసన కూర్చున్నారు. ఆమె వైపు చూడలేదు. గోనెసంచి వైపు చూశారు.

"నారింజ తొక్క లోపలి తెల్లపొర తీశావా?"

వకుళ ఉలిక్కిపడింది. "లేదు, నాన్నగారూ."

"ఆ ఎక్కువ చేదు దానిదే. కత్తి వాలుగా పట్టి గీకాలి. ఆ తర్వాత ఎండలో కాదు, నీడన ఆరబెట్టాలి."

"అయితే ఈసారి కాచేటప్పుడు..."

"కాచమనలేదు" అన్నారాయన కటువుగా. "గీకాలన్నాను."

వకుళ సంచిలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోసాగింది. ఆటో వచ్చి, రెండుసార్లు హారను కొట్టింది. ఆమె కలం ఆగేవరకూ ఆయన అరుగు దిగలేదు.