డిపో జవాబు

నొప్పి పదికి ఎంత అని మళ్లీ అడుగుతుందేమో ఈ నర్సు, తొమ్మిదని రెండుసార్లు చెప్పాను, పది అంటే పిరికివాడనుకుంటారని ఒకటి తగ్గించాను, భుజంలో ఎవరో స్క్రూలు బిగిస్తున్నట్టుంది, నిజంగానే బిగించారు లెండి, పొద్దున ఎనిమిదింటికి, తెగిన కండరాన్ని ఎముకకు కుట్టి, అంతా బాగా జరిగిందన్నారు, బాగా జరిగితే ఇంత నొప్పేమిటి, డిపోలో మా టైర్ల మేస్త్రీ ఇదే ఆపరేషనయ్యాక మధ్యాహ్నానికల్లా కూర్చుని పేపరు చదివాడట, నాకేమో దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది, కుట్టు ఊడిందా, పెద్ద డాక్టరు ఇందాక కట్టు చూసి పెదవి విరిచాడు, సాయంత్రం దాకా చూద్దాం, తగ్గకపోతే మళ్లీ తెరవాల్సి రావచ్చు అన్నాడు, తెరవడానికి అదేమన్నా బస్సు బానెటా, రెండోసారి తెరిచిన భుజం స్టీరింగు తిప్పుతుందా, ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి కాగితాలకు దారాలు కట్టమంటారు.

మత్తు డాక్టరమ్మ వచ్చింది, పొద్దున ఆపరేషను గదిలోకి తీసుకెళ్లేముందు ప్రశ్నలడిగిన ఆవిడే, నా కాగితం చూస్తూ రాత్రి నిద్ర బాగా పట్టిందన్నారు కదా అంటోంది, బాగా పట్టిందండీ అన్నాను, ఆ జవాబు దానంతటదే వచ్చేసింది, పొద్దున కూడా అలాగే వచ్చింది, రాక ఏంచేస్తుంది, ఇన్నేళ్లుగా డ్యూటీకి ముందు డిపో కిటికీ దగ్గర కంట్రోలరు తలెత్తకుండా నిద్రపోయావా అంటాడు, బాగా పట్టిందండీ అంటేనే బస్సు తాళం చేతికొస్తుంది, లేదన్నవాడికి ఆ రోజు బెంచీయే గతి, మా అమ్మాయికి జ్వరమొచ్చి తెల్లవార్లూ ఎత్తుకు తిరిగిన రోజూ అదే జవాబు, కళ్లు ఎర్రగా ఉన్నాయేమంటే దుమ్మండీ అన్నాను, ఆ రోజు బస్సు నిండా జనం, దారిలో ఒక్క కునుకు పట్టుంటే ఏమయ్యేదో, స్టూలు మీద కూర్చున్న మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు, డాక్టరుగారూ, ఈయన నిద్రపోతే గురక పక్కింటికి వినిపిస్తుంది, నాలుగు రాత్రులుగా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దానికి నాకూ నిద్రపట్టి చావలేదు అంది, డాక్టరమ్మ నవ్వలేదు, నిజమేనా అని నన్నే అడిగింది, ఇక్కడ ఎవరు తాళం లాక్కుంటారు, నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదమ్మా, కళ్లు మూస్తే ఒక చెయ్యి ఖాళీగా వేలాడుతున్న నా చొక్కా కనబడుతోంది అన్నాను.

ఆ ముక్క పొద్దున్నే చెప్పాల్సింది కదండీ, నిద్రలేని ఒంటికి నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, వేళ్లు కదపండి అంది, కదిలాయి, కుట్టు బాగానే ఉండి ఉంటుంది, నొప్పి మందు ఇంకా పెంచితే ఊపిరి మందగిస్తుంది, నిద్రపుచ్చే మందు కొద్దికొద్దిగా ఎక్కిస్తాను, నర్సు పక్కనే ఉండి చూస్తుంది, మీ పెద్ద డాక్టరుతో నేను మాట్లాడతాను అంది, పొద్దున మూడు గంటలు పడుకున్నాను కదమ్మా అన్నాను, అది పడుకోవడం కాదండీ, మేం పడేయడం, ఇది కాస్త అసలు నిద్రకు దగ్గర అంది, సీసాలోంచి చుక్కలు పడుతున్నాయి, వానలో అద్దం మీద పడ్డట్టే, వైపరు ఇటు తిరుగుతోంది, అటు తిరుగుతోంది, ఎవరో ఆపమంటున్నారు, ఆపాను, దిగండి, నిదానంగా దిగండి, అందరూ దిగిపోయారు, బస్సు ఖాళీ, నేనూ దిగొచ్చా

ఎండ ఎదురుగోడ మీదికి వెళ్లిపోయింది, దుప్పటి భుజం మీదే ఉంది, ఉన్నా ఏమీ అనడం లేదు, నొప్పి ఉంది గానీ మూల కూర్చున్న చుట్టంలా ఉంది, పదికి నాలుగు, ఈసారి ఏమీ తగ్గించకుండానే నాలుగు, పెద్ద డాక్టరు వచ్చి చూసి వెళ్లాడట, తెరవక్కర్లేదన్నాడట, నర్సు చెబుతుంటే హమ్మయ్య అనుకున్నాను, మా ఆవిడ మంచం అంచు మీద తల పెట్టి నిద్రపోతోంది, నా గురక వినబడిందన్నమాట, డాక్టరమ్మ తెర తప్పించి నిద్ర పట్టిందా అంటోంది, బాగా పట్టిందండీ అన్నాను, అవే మాటలు, కానీ ఈసారి ఆవిడ కళ్లలోకి చూసి అన్నాను, ఈ భుజం బాగుపడుతుంది, మళ్లీ ఆ కిటికీ దగ్గర నిలబడతాను, నిద్రలేని రోజున మాత్రం లేదండీ అని చెప్పి వెళ్లి బెంచీ మీద కూర్చుంటాను.