వరుస చివరి రాయి

శనివారం పొద్దున బకెట్టు, బ్రష్షు, సబ్బు, పెరట్లో కోసిన పసుపుపచ్చ డాఫోడిల్ పూలు కారు డిక్కీలో పెడుతూ ఎర్లీన్ కూతురి మొహం చూడలేదు. చూస్తే మాట వస్తుంది, మాట వస్తే నిన్నటి గొడవ మళ్ళీ మొదలవుతుంది.

ఈస్టర్ తెల్లవారుజామున చర్చి సంఘమంతా సమాధుల తోటలో నిలబడి పొద్దుపొడుపు కోసం ఎదురుచూస్తుంది. ఎర్లీన్ ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒక్క ఏడాదీ తప్పలేదు. మనవరాలు హేజల్‌కి ఆరేళ్ళు వచ్చాయి కదా, ఈసారి పక్కన నిలబెట్టుకోవాలని ఆమె ఆశ. కూతురు మార్లా మాత్రం ఆదివారం పొద్దున్నే క్లబ్బులో గుడ్ల వేట ఉందని, ఈస్టర్ కుందేలు దాచిన రంగు గుడ్లు పిల్లలు వెతుక్కుంటారని, హేజల్‌ని తీసుకుని ఈ సాయంత్రమే షార్లెట్‌లో తన ఇంటికి వెళ్ళిపోతానంది.

"ప్రభువు సమాధిలోంచి లేచిన రోజున పిల్లని కుందేలు వెనక పరిగెత్తిస్తావా?" అని నిన్న ఎర్లీన్ అడిగింది.

"కుందేలు మొగుడూ పెళ్ళాల్ని విడదీయదమ్మా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆ తోటలో ఏ కుటుంబాన్నీ ఒక్కచోట పాతిపెట్టరు. పెళ్ళయిన మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. ఏ వైపైనా పోయిన వరుసలోనే ఒకరి పక్కన ఒకరు. డబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడా ఉండకూడదని రాళ్ళన్నీ ఒకే కొలతవి, నేల మీద పరిచినవి. అక్టోబరులో తండ్రి వెండెల్ పోయినప్పుడు, అమ్మకి ఆయన పక్కన చోటు ఉండదని తెలిసి మార్లా చాలా బాధపడింది. అప్పట్నుంచి చర్చి గుమ్మం తొక్కలేదు. ఈరోజైనా వచ్చింది తల్లి మోకాలి కోసమే. ఆపరేషనయ్యాక ఎర్లీన్ కారు నడపడం లేదు, చలికాలమంతా ఇల్లు కదలలేదు.

తోట నిండా మనుషులే. పండగ ముందు రోజు ఎవరివాళ్ళ రాళ్ళు వాళ్ళు కడుక్కోవడం అక్కడి ఆనవాయితీ. ఎర్లీన్ మగవాళ్ళ వైపు నడిచి, వరుస చివరి రాయి దగ్గర ఆగింది. మట్టీ ఆకులూ పేరుకుని రాయి నల్లబడింది. దాన్ని చూడగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను తోముతానమ్మా, నీ మోకాలు..."

"ఆయనకి నేనే చెయ్యాలి. నువ్వు నీళ్ళు పట్రా."

ఎర్లీన్ ముందుగా పూలు రాయి తల దగ్గర గుచ్చింది. చిన్న దిండు వేసుకుని, దాని మీద మోకాళ్ళూని, నురగ వచ్చేలా తోమడం మొదలుపెట్టింది. తోముతూ గొంతు తగ్గించి మాట్లాడింది. "చూశావా నీ కూతురు? పండగ పూట నన్ను ఒంటరిగా వదిలేసి పోతానంటోంది. మొండితనం నీదే, నాది కాదు." నీళ్ళు తెచ్చి పక్కనే నిలబడ్డ మార్లా విననట్టు చెట్ల వైపు చూసింది.

వెంట వచ్చిన హేజల్ చెంబుతో నీళ్ళు పోసింది. నురగ జారిపోయింది. మార్లా వంగి చూసింది.

"అమ్మా."

"ఊఁ."

"ఈయన నాన్న కాదు."

ఎర్లీన్ తడి చేత్తో జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. రాయి మీద డెల్మర్ ఫా అని ఉంది. డెల్మర్ డిసెంబరులో పోయాడు. అప్పుడామె మంచం మీద ఉంది. చివరి రాయి అని గుర్తుపెట్టుకుంది గానీ, వరుస పెరుగుతుందన్న సంగతే తట్టలేదు. వెండెల్ రాయి దాని పక్కది.

చర్చి మేళంలో వెండెల్, డెల్మర్ పక్కపక్కనే బాకా వాయించేవాళ్ళు. ప్రతి ఈస్టర్ భోజనంలోనూ వెండెల్‌ది ఒకటే ఫిర్యాదు, డెల్మర్ తొందరపడి పాట ముందే ఎత్తుకుంటాడని.

"అంటే ఇంతసేపూ నా మీద చాడీలన్నీ డెల్మర్‌కి చెప్పావన్నమాట," అంది మార్లా. పెదవి బిగబట్టినా నవ్వు ఆగలేదు. "పూలు కూడా నాన్న కంటే ముందే కొట్టేశాడు. ఇక్కడా తొందరే."

ఎర్లీన్ నేల మీదే కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అక్టోబరు తర్వాత తల్లీ కూతుళ్ళు కలిసి నవ్వడం అదే మొదలు.

"తాతయ్య పూలు తాతయ్యకి ఇచ్చేద్దాం," అని హేజల్ ఒక కాడ పీకబోయింది. ఎర్లీన్ చెయ్యి కూడా అటే వెళ్ళింది.

"ఉండనీవే," అంది మార్లా. "ఈయన భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. ఎవరొస్తారు పాపం?"

హేజల్ కాడ వదిలేసి ఆలోచించింది. "అమ్మమ్మా, నిన్ను అటువైపు పెడతారటగా. మరి దేవుడు అందర్నీ లేపే రోజున తాతయ్య లేచాక నువ్వెక్కడున్నావో ఎలా తెలుస్తుంది?"

"హేజల్, నోర్ముయ్."

"అడగనీ," అంది ఎర్లీన్. "చలికాలమంతా నేనూ దేవుణ్ణి అదే అడిగాను."

"ఏమన్నాడు?" అంది హేజల్.

"ఇంకా ఏమీ అనలేదు." చుట్టూ పరుచుకున్న తెల్ల రాళ్ళను ఆమె కాసేపు చూసింది. "కానీ ఒకటి చూడు. అటువైపు వాళ్ళనీ ఇటువైపు వాళ్ళనీ అందర్నీ తూర్పు ముఖంగానే పెట్టాం. లేవగానే మొదట కనబడేది ప్రభువే. ఆయన్ని చూశాక పక్కకి తిరిగి చూసుకుంటాం. తాతయ్య పొడుగాటి మనిషి, కనబడకపోడులే."

పిల్లకి చెప్పిన మాట ఆమెకే తగిలింది. ఈ నలభై రోజుల ఉపవాస కాలంలో పూలన్నా, సబ్బన్నా, మోకాలి వ్యాయామాలన్నా అన్నీ వెండెల్ కోసమే. మార్లాని దెప్పడానికి తప్ప ప్రభువు లేచిన సంగతి నోట రాలేదు. ప్రభువు చోటులో తను కుందేల్ని కూర్చోబెట్టలేదు, మంచి మనిషినే కూర్చోబెట్టింది. కానీ ఆ చోటు మాత్రం ప్రభువుదే కదా.

"మార్లా, నిన్న నేనన్నది మనసులో పెట్టుకోకు. సాయంత్రం వెళ్ళండి. గుడ్లు ఏరుకున్నాక, రేపు ఎవరు లేచిన రోజో పిల్లకి ఒక్క మాట చెప్పు. నాకంతే చాలు."

మార్లా తల్లి చేతిలోంచి బ్రష్షు తీసుకుని పక్క రాయి ముందు మోకాళ్ళూనింది. తండ్రి పేరులో ఇరుక్కున్న మట్టిని అక్షరం అక్షరంగా తోమింది. పూలు మిగల్లేదు కాబట్టి హేజల్ గడ్డిలోంచి ఊదారంగు చిట్టి పూలు ఏరుకొచ్చి పెట్టింది.

సాయంత్రమైనా సంచులు కారెక్కలేదు. వంటింట్లో చక్కెర కేకు మీద గుడ్డ ఎత్తి మార్లా అడిగింది. "ఇది ఎంతమందికి చేశావు?"

"నువ్వు తింటే ఎంతమందికీ చాలదు."

"తెల్లారకుండా లేపితే పిల్ల ఏడుస్తుంది. తర్వాత నన్ననొద్దు. గుడ్లు మన పెరట్లోనే దాస్తాలే, తిరిగొచ్చాక."

పిల్ల ఏడవలేదు. అమ్మమ్మ కోటులో తల దాచుకుని, నిద్రకళ్ళతో మంచులో నిలబడింది. ఎర్లీన్ చూపు అలవాటుగా వెండెల్ వరుస వైపు మళ్ళింది. అక్కడ డెల్మర్ పూలు చీకట్లో కూడా పసుపుపచ్చగా కనబడుతున్నాయి. ఆమె మెల్లగా మొహం తూర్పుకి తిప్పుకుంది.

"ప్రభువు లేచాడు," అన్నారు పాస్టరుగారు.

"నిజంగా లేచాడు," అన్నారు అందరూ.

హేజల్‌కి మాట అందుకోవడం ఆలస్యమైంది. అందరూ ఆగాక, ఆ నిశ్శబ్దంలో ఒక్కతే గట్టిగా అంది. "నిజంగా లేచాడు."

మేళంవాళ్ళు నవ్వుతూనే బాకాలు ఎత్తారు. ఎర్లీన్ చేతిని ఎవరో పట్టుకున్నారు. పిల్ల చెయ్యే అనుకుంది, కానీ ఆ చెయ్యి పెద్దది, నిన్నటి సబ్బు వాసన ఇంకా వదల్లేదు.