పుచ్చు తెప్ప

త్రినాథరావు చేసిన పువ్వు మీద ఒక్క ఈగ కూడా వాలలేదు.

గాజువాకలో కాలనీ పార్కు సంఘం వాళ్ళు ఒక పోటీ పెట్టారు. పారేసిన సామానుతో ఏదైనా చేసి నిలబెట్టాలి. తుట్టె కట్టకుండా బెజ్జాల్లో గుడ్లు పెట్టే ఒంటరి తేనెటీగలు దేంట్లో కాపురం పెడితే అది పార్కులో ఉండిపోతుంది, చేసినవాళ్ళు కోరిన పేరు దానికి పెడతారు. త్రినాథరావు ఆ పేరు కోసమే దిగాడు. చనిపోయిన భార్య పేరు, దేవి అని, స్టీలు రేకులో ముందే కోసిపెట్టుకున్నాడు. వెల్డింగు అతని వృత్తి. సైకిల్ రిమ్ములు, పైపు ముక్కలు, పాత ఫ్యాను రెక్కలు అతికించి మనిషెత్తు పువ్వు చేసి, ఎర్ర ఎనామిల్ పూసి, ఆ రేకు బిగించాడు. ఎండెక్కితే అది పెనంలా కాలేది.

దేవికి అన్నయ్య అయిన నూకాలు చేసిందేమీ లేదు. చేపల వేటకి పనికిరాక ఒడ్డున పడేసిన తెప్ప దుంగ ఒకదాన్ని ఆటోలో తెచ్చి నిలువుగా పాతాడు. దాన్నిండా సముద్రపు పురుగు తొలిచిన బెజ్జాలు. అంతే అతని కళ.

వచ్చిన ఈగలన్నీ దానికే వచ్చాయి. ఇంట్లోనూ అంతే జరిగేది. నూకాలు గడపలో అడుగు పెడితే దేవి మొహం విప్పారేది. పులుసులో మంచి ముక్క అన్నకి, నవ్వు అన్నకి. త్రినాథరావు డ్యూటీ నుంచి రాగానే ఆ నవ్వు ఆగి గిన్నెల చప్పుడు మొదలయ్యేది.

ఆ పొద్దున్న చూస్తే దుంగ బెజ్జాలు చాలావరకు మట్టితో పూడిపోయి ఉన్నాయి. త్రినాథరావుకి ప్రాణం లేచొచ్చింది.

"నీ దుంగ పనైపోనాది బావ. మట్టి కొట్టుకుపోనాది," అన్నాడు, అక్కడే కూర్చున్న నూకాలుతో.

"మట్టి కాదు బావ, తలుపులు. ఈగలు లోన గుడ్లెట్టీసి మూసుకున్నాయంట. సంగం మేడం సెప్పింది. నా దుంగే ఉంచుతారంట."

"నువ్వేటి సేసినావని?"

"ఏటీ సెయ్యనేదు. నాను పాతినాను, అయ్యొచ్చినాయి."

నూకాలు లేచి పువ్వు వైపు చెయ్యి చూపించాడు. "ఆ సెల్లి పేరు రేకు ఇలగియ్యి బావ, దుంగకి కొట్టీద్దాం. నాకు రాత రాదు కదా. నువ్వు కోసిందే ఉండాల."

ఆ మంచితనం త్రినాథరావుకి ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది.

"మేకు కొడితే దుంగ అదురుతాది," అన్నాడు. "లోన గుడ్లు సచ్చిపోతాయి. నీ ఇట్టం మరి."

నూకాలు నమ్మేశాడు. "ఒద్దులే బావ. పిల్లలున్న కొంప. పేరు నేకపోతే ఏటి."

త్రినాథరావు పువ్వుకున్న రేకు ఊడదీసి తువ్వాల్లో చుట్టుకున్నాడు. తనకి దక్కని పేరు బావకీ దక్కలేదు. అది చాలనుకుంటూ గేటు వైపు నడిచాడు.

వెనక నూకాలు గొంతు వినిపించింది. దుంగ మీద చెయ్యి వేసి, ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పినట్టే చెబుతున్నాడు.

"ఎల్లొత్తానే సెల్లీ."

త్రినాథరావు ఆగి చెవి ఒగ్గాడు. జవాబు వస్తే అదీ బావకే వస్తుంది.