ఆఖరి చరణంలో పేరు

పీర్ల పండుగ చివరి రోజు మధ్యాహ్నం సూగురేశ్ పీర్ల ముందరి నిప్పుల గుండానికి దూరంగా నిలబడ్డాడు. నిలబడ్డాడనడం కూడా తప్పే. ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ, వేళ్లతో తొడ మీద తాళం కొట్టుకుంటున్నాడు. ఊరి జట్టుకు డప్పు వాయించే తాయప్ప వాణ్ని లోపలికి రమ్మనలేదు.

పీర్ల ముందు పాడే రివాయత్ పాటకు మా రాయచూరు పల్లెల్లో ఒక కట్టు ఉంది. ఒక ఊరి జట్టు పాటలోనే ప్రశ్న వేస్తుంది, రెండో జట్టు పాటలోనే జవాబు చెప్పాలి. ఆఖరి చరణంలో నేర్పిన గురువు పేరు రావాలి. పాడేవాడి పేరు రాకూడదు. సూగురేశ్‌కు అడుగూ పదమూ నేర్పింది తాయప్పే.

ఆ నడక మీదే వాడు నిరుడు ఒక ర్యాప్ పాట కట్టాడు. కొంత తెలుగు, కొంత కన్నడ, మధ్యలో మా బజారు ఉర్దూ. ముంబై వాళ్లలా పాడాలని తంటాలు పడే కుర్రాళ్లు అది విని ఇంట్లో మాట్లాడే మాటల్లోనే పాడటం మొదలుపెట్టారు. బళ్లారి, కర్నూలు, హైదరాబాదుల్లో కూడా ఇప్పుడు ర్యాప్‌లో డప్పు మోగుతోంది. అయితే ఆ పాట ‘నేను సూగురేశ్’ అని ముగుస్తుంది. ర్యాప్‌లో ఎవడి పేరు వాడు చెప్పుకోవాలి కదా.

తాయప్ప వాణ్ని ఈ ఏడు జట్టులోకి పిలవలేదు, అంతే.

“బెంగుళూర్ల అంతమందిని ఎగిరిస్తివంట,” అంది వాడి మేనత్త పంపమ్మ. “ఈడ చెప్పులు విడిచి అడుగెయ్యనీకె భయమా?”

“తాయప్ప తాత డప్పు ఆపేస్తే, అత్తా?”

“ఇంటికొచ్చి అన్నం తిను.”

వాడు నవ్వలేదు. పాడుతుండగా డప్పు ఆగిందంటే, ఆ మనిషి ఇక ఎన్నటికీ జట్టులో లేనట్టే.

అవతలి ఊరి జట్టులోంచి అంబరీష్ అనే కాలేజీ కుర్రాడు ముందుకొచ్చాడు. అదే ఊపిరి, అదే భుజం విసురు, అంతా సూగురేశే. ఊరూరా తిరిగే పాట ఎవరింట్లో పుట్టిందో చెప్పమని అడిగి, ‘నేను అంబరీష్’ అని ముగించాడు. ముసలివాళ్లు మొహాలు చూసుకున్నారు. మా జట్టులో పాడే బసవప్పకు ఆ వేగం అందలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తాయప్ప ఎవరి వైపూ చూడకుండా వాయిస్తూనే ఉన్నాడు. పాట లేని డప్పు వినడం కష్టం.

“ఆ పోరడు తన పేరు చెప్పుకునేది నీ దగ్గరే నేర్చె,” అంది పంపమ్మ. “ఇట్ల నిలబడితే ఎట్ల?”

సూగురేశ్ చెప్పులు విడిచి గుండం చుట్టూ అడుగు కలిపాడు.

“ఇంట్ల పుట్టలే, సెగ సూపిన తోలు మీద పుట్టింది
పోరల నోట్ల పడి పరుగు నేర్సింది...”

డప్పు ఆగలేదు. కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. వాడి ర్యాప్ విని విని, ఆఖరి చరణం ఎక్కడ పడుతుందో వాళ్లకు తెలుసు. వాడు ‘తాయప్ప’ అనేలోపే అందరూ కలిసి ‘సూగురేశ్’ అని అరిచారు. వాడు మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అదే అరుపు. చేతులూపి వద్దన్నాడు, అది కూడా ఆటే అనుకుని ఇంకా గట్టిగా అరిచారు.

వాడు చెమటతో వచ్చి తాయప్ప ముందు వంగాడు. “నీ పేరే చెప్పిన తాతా.”

“నాకు ఇనబడలే,” అన్నాడు తాయప్ప. “మల్ల పాడు.”

డప్పు వేగం పెంచాడు. సూగురేశ్ ఊపిరి అందుకునేలోపే అడుగు వేయాల్సి వచ్చింది.