ట్రాక్టరు మీద అత్తగారి మీటరు

పొద్దున్నే ట్రాక్టరు తియ్యబోయే ముందు కోడలు మూడు చూసుకునేది: డీజిల్, రేడియేటరులో నీళ్లు, అత్తగారి కోపం. మూడోదానికి ఇంట్లోకి వెళ్లక్కర్లేదు. స్టీరింగు ముందున్న టెంపరేచర్ మీటరులో ముల్లు పచ్చగీత మీదుంటే ఇల్లంతా ప్రశాంతం. ఎర్రగీత దాటిందంటే ఎవరో ఆవిడ కుట్టుమిషను ముట్టుకున్నారన్నమాట.

ఆ ట్రాక్టరును అత్తగారు ముప్పై ఏళ్లు నడిపింది. మోకాళ్లు అరిగి ఆవిడ దిగిపోయింది గాని, మీటరు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఇంజిన్ గొడవ దానికి పట్టదు. ఊళ్లో ఎవరికీ ఇదో వింత కాదు. ఆవిడతో పనున్నవాళ్లు ముందు షెడ్డులోకి తొంగిచూసి, ముల్లును బట్టి లోపలికి రావడమో వచ్చినదారినే పోవడమో చేసేవాళ్లు. కన్నకొడుకూ అంతే.

చిక్కల్లా ఇంజినుతోనే. అది కాగిపోతున్నా చెప్పే దిక్కులేక, రెండుసార్లు పొగలు కక్కి ఆగిపోయింది.

"మూడోసారి ఉడికిందంటే పాత ఇనుము కింద తూచుకోవడమే అక్కా," అన్నాడు పక్కింటి మెకానిక్కు.

ఆ ఇంటికి ఆధారం ఆ ట్రాక్టరే. నేలలో పదును ఆరకముందే ఇంటి వెనక పొలం దున్నాలి. కోడలు కొత్త మీటరు కొనుక్కొచ్చింది.

అత్తగారు షెడ్డు గుమ్మంలో స్టూలేసుకుని కూర్చుంది. "పీకెయ్. నన్ను కూడా పీకి అవతల పారెయ్. పీడా పోతుంది."

"మిమ్మల్నెవరు పీకుతున్నారత్తయ్యా? మీటరు మారుస్తున్నా."

"రెండూ ఒకటే!"

మీటరు వెనక నుంచి సన్నటి రాగి గొట్టం ఇంజిన్ దాకా పోయి, చివర చిన్న బుడ్డితో అక్కడ బిగిసి ఉంటుంది. గొట్టం తెగితే మీటరు చచ్చినట్టే. బుడ్డి దగ్గరి నట్టేమో తుప్పుపట్టి మొరాయించింది. మెకానిక్కు కాసేపు కుస్తీపట్టి కట్టరు తీశాడు.

"కోసేద్దాం అక్కా. ఎలాగూ పారేసేదేగా."

"కొయ్యొద్దు," అంది కోడలు.

"ఇది రాదక్కా!"

"ఎందుకు రాదో చూస్తాను. పానా ఇటివ్వు."

కిరసనాయిలు పోసింది, నానబెట్టింది, సుత్తితో తట్టింది, మళ్లీ తిప్పింది. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. మెకానిక్కు భోంచేసి ఓ కునుకు కూడా తీసి వచ్చాడు. కోడలు పట్టిన పట్టు విడవలేదు.

అత్తగారు చాలాసేపు చూసి గొంతు తగ్గించింది. "అదుంటే నేనెలా ఉన్నానో అందరికీ తెలిసేది. రేపట్నించి ఎవరడుగుతారే?"

నేనడుగుతానని చెప్పడం తేలికే. పనిలో పడితే తిండే గుర్తుండదని కోడలికి తెలుసు. అందుకే మళ్లీ పానా తగిలించింది.

చీకటి పడబోతుండగా నట్టు కిర్రుమంది. కోడలు గొట్టాన్ని మడతపడకుండా చుట్టచుట్టి, మీటరును వంటింటి గోడకు మేకు కొట్టి తగిలించింది. ముల్లు పచ్చగీత మీదికి దిగింది. "గోడ పాడుచేశావు," అంది అత్తగారు, అంతే.

మర్నాడు సగం పొలం దున్నాక కొత్త మీటరు ఎర్రగీతకేసి ఎగబాకింది. కోడలు వెంటనే ఇంజిన్ ఆపింది. రేడియేటరు ముందు జాలీ నిండా పొట్టు! పాత మీటరే అయితే ఇంజిన్ మాడేదాకా దున్నుతూనే ఉండేది. పొట్టు దులిపి, నీళ్లకని ఇంటికొచ్చింది.

వంటింట్లో మీటరు చూసి ఆగిపోయింది. ముల్లు పచ్చగీతకు కింద, బాగా కిందకి జారిపోయి ఉంది. ఎప్పుడూ అంత కిందికి దిగింది లేదు.

అత్తగారు పెరట్లో గోడకానుకుని కూలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

కోడలు వేసిన కేకకు మెకానిక్కు పరుగెత్తుకొచ్చాడు. రేడియేటరులో నీళ్లు పోశారు, ట్రాలీ తగిలించారు, పరుపేసి పడుకోబెట్టారు. మెకానిక్కు ఆవిడ పక్కన కూర్చున్నాడు. కోడలు పాత మీటరును తెచ్చి కొత్తదాని పక్కన తీగతో కట్టింది. ఒక ముల్లు పైకి పోకూడదు, ఒక ముల్లు కిందికి పోకూడదు. ఆ రెంటినీ చూసుకుంటూ ఆసుపత్రి దారి పట్టింది.

"పెద్దమ్మ పలకట్లేదక్కా!"

పాత ముల్లు ఇంకా జారుతోంది. కోడలు వెనక్కి తిరిగి గొంతు చించుకుంది. "అత్తయ్యా! మీ కుట్టుమిషను పాత ఇనుము వాడికి తూచి ఇచ్చేశాను!"

ముల్లు ఆగింది.

"మీ కత్తెరతో అట్టలు కత్తిరించాను!"

కాస్త పైకి కదిలింది.

"మీకు ట్రాక్టరు నడపడమే రాదని ఊరంతా చెప్పాను!"

మెకానిక్కు నోరెళ్లబెట్టాడు. దారి పొడుగునా తిట్లకు కరువు లేదు. పెళ్లయిన నాటి నుంచీ మింగినవన్నీ పనికొచ్చాయి. ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చేసరికి ముల్లు పచ్చగీతను అందుకుంది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు," అన్నాడు డాక్టరు.

రెండు రోజులకు అత్తగారు కళ్లు తెరిచింది. "నా మిషను తెచ్చిపెట్టు. తర్వాత మాట్లాడదాం."

"ఇంట్లోనే ఉందత్తయ్యా. కత్తెర కూడా."

"అంటే నాతో అబద్ధమాడావా?"

మంచం పక్కన తెచ్చిపెట్టుకున్న పాత మీటరులో ముల్లు ఎర్రగీత దాటింది. ఇన్నాళ్లూ దడ పుట్టించిన ఆ గీతను చూసి కోడలు సంతోషంతో ఏడ్చేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎలా ఉందత్తయ్యా?"

"ఎదురుగా కనబడ్డం లేదూ?"

"కనబడుతోంది. అయినా అడుగుతున్నాను."

అత్తగారు కోడలివైపు తిరిగింది.

"దాహంగా ఉందే," అంది.