బంగళా గోడ మీది జింకలు

దాలమ్మ కళ్లెదుటే జంగిల్ గార్డు పైడమ్మను జుట్టు పట్టి గడ్డిలోంచి ఈడ్చాడు. కొడవలి లాక్కున్నాడు. కోసిన మోపును కాలితో తన్నేశాడు. ఇక మీదట ఇది చివంగి పులుల జాగా, ఎవరొచ్చినా కాళ్లు విరుస్తానని హిందీలో అరిచాడు.

చివంగులట! ఈ బీడులో ఆఖరి చివంగిని కాల్చి చంపింది ఈ ఊళ్ల పాత జమీందారు, మాల్‌గుజారే. జమీందారీలు రద్దయి ఈ ఆరంగ్ గడ్డిబీడు సర్కారు పరమయ్యాక రెండేళ్లుగా అతగాడికి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు పరదేశం నుంచి చివంగుల్ని మళ్లీ తెప్పిస్తాడట, అందుకు వేసిన కమిటీకి పెద్ద తనేనట! కంచె పడ్డాక తాళంచెవి ఎవరి మొలలో ఉంటుందో వేరే చెప్పాలా? గడ్డి లేకపోతే రైల్వే గేంగు క్వార్టర్ల గేదెలు ఎండుతాయి, రాయపూర్ పాసింజరులో పాల బిందెలు ఎక్కవు. పశువులు కాసే ఛత్తీస్‌గఢీ రౌతుల మందలకూ అదే గతి.

"నీ మొగుడే ఏలిముద్దరేసేడంట గదే, ఇక్కడ జింకలున్నాయని!" పైడమ్మ ఏడుస్తూనే నిలదీసింది.

దాలమ్మ మొగుడు నూకరాజు రైల్వేలో కీమేను. రోజూ పొద్దున్నే ఆరు మైళ్ల పట్టా నడిచి చూడడం అతని పని. ఇంటికెళ్లి అడిగితే తల దించుకున్నాడు.

"గేంగోళ్లం పదకొండు మందిమీ ఏసేం. కాయితం ముందెడితే హాజరు మస్టరనుకున్నాం. రోజూ ఏసేదే గదేటి!"

"అయితే నువ్వే ఎల్లి అది తప్పని సెప్పాల."

నాగపూర్ నుంచి వచ్చిన సర్కారు అధికారి రాయపూర్‌లోని మాల్‌గుజారు బంగళా వరండాలోనే విచారణ పెట్టాడు. చివంగులు తిని బతకడానికి బీడులో జింకలున్నాయా లేదా అన్నది తేలాలి. గేంగువాళ్లు, ఆడవాళ్లు, రౌతులు కలిసి రెండు వందల మంది పాసింజరులో దిగి ముంగిట నిలబడ్డారు. పోలీసులు లాఠీలు పట్టుకుని ఎదురు నిలిచారు.

నూకరాజు ముందుకొచ్చాడు. "రైలు కింద పడ్డ జంతువునల్లా ఏడేళ్లుగా నానే లాగి పారేస్తన్నాను బాబూ. ఆవులు, మేకలే. జింక ఒక్కటీ నేదు. ఆ ఏలిముద్దర తప్పు."

"మరి ఉన్న జింకలన్నీ ఏమైనట్టు?" అన్నాడు అధికారి.

"తల పైకెత్తి సూడు సాబ్!" గుంపులోంచి దాలమ్మ కేకేసింది. "జింకల్నన్నిటినీ గోడకి కొట్టేసి, ఇప్పుడు మా పసుల్ని పులులకి పెడతాడా?"

వరండా గోడ నిండా మాల్‌గుజారు వేటాడిన జింకల కొమ్ముల తలలు. అధికారి లెక్కపెడుతూ అరవై దాటాక ఆపేశాడు. ముంగిలి హోరెత్తింది.

అధికారి పక్కనున్న మాల్‌గుజారు పోలీసులకు కనుసైగ చేశాడు. మొదట ఒకటి రాయించి ఇప్పుడు మాట మారుస్తున్నాడని నూకరాజు చేతులకు బేడీలు వేశారు.

ఠాణాలో దారోగా, వెంట వచ్చినవాళ్ల ముందుకు సిరా దిమ్మ తోశాడు. ఇక బీడులో అడుగు పెట్టబోమని అందరూ వేలిముద్ర వేస్తే వీణ్ణి వదిలేస్తానన్నాడు.

కటకటాల వెనక మొగుడు. ఒక్క వేలు తడిపితే ఇంటికొస్తాడు. దాలమ్మ చెయ్యి సిరా దాకా వెళ్లింది. నూకరాజు తల అడ్డంగా ఊపాడు.

దాలమ్మ బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. పక్కన పైడమ్మ, ఆ వెనక రౌతు ఆడవాళ్లు, గేంగువాళ్లు కూడా అలాగే బిగించారు. దారోగాకు ఒక్క వేలూ దొరకలేదు.

"పదండే, పసులు ఆకలితో ఉంటాయి. గడ్డి కోసుకుందారి" అంది దాలమ్మ.

పాసింజరులో తిరిగొచ్చిన ఆ పూటే ఆరంగ్ బీడులో నూట ఇరవై కొడవళ్లు దిగాయి.